ఇంటి పెద్దల ఆరోగ్యము: కోలుకొను చోటు నెన్నుకొనుట



న్యూజెర్సీలో కాపురమున్న యొక సోదరి మన పత్రికకు దీర్ఘమైన జాబు వ్రాసినది. ఆమె అత్తగారికి 76 ఏండ్లు. స్నానాలగదిలో కాలుజాఱి పడగా తుంటియెముక విఱిగినది. ఆస్పత్రిలో శస్త్రచికిత్స జరిగిన మూడవనాడు, అచ్చటి ఉద్యోగిని యొకతె వచ్చి పండ్రెండు పేరులున్న పట్టికను చేతబెట్టి, "ఎల్లుండి మీవారి నిచ్చటినుండి పంపివేయుదుము. ఈ చోట్లలో నొకదాని నెన్నుకొని రేపు సాయంకాలమునకు తెలుపుడు" అని చెప్పి వెడలిపోయెనట. భార్యాభర్త లిరువురును ఉద్యోగస్థులు. ఇల్లు మేడయిల్లు, పడకగదులన్నియు పై యంతస్తుననే యున్నవి. పట్టికలోని పేరులన్నియు పూలతోటల పేరులవలె నొక్కతీరుగ నున్నవి. పైగా రాజమహేంద్రవరమునుండి ఆడబిడ్డ ఫోనులో "అమ్మను ఆశ్రమములో పడవేయుచున్నారా, వదినా?" అని కంటతడి పెట్టుకొన్నదట. "నా పని యెట్లో గడచినది. నావలె నొక్కదినపు గడువుతో తల్లడిల్లువారి కొఱకైన మీరీ సంగతి వ్రాయుడు" అని యామె కోరిక.

విదేశములందు బిడ్డలున్న తల్లులును, తల్లుల నచ్చటికి రప్పించుకొన్న కుమార్తెలును, కోడండ్రును మన చదువరులలో పెక్కుమంది గలరు. కావున నీ నెల ఈ విషయమునే ముచ్చటింతము.

మొదట పేరుతోడనే చిక్కున్నది. మన యూళ్లలో నర్సింగ్ హోమనగా డాక్టరుగారు స్వంతముగా నడపు చిన్న ఆస్పత్రి. పురుళ్లకును, చిన్న శస్త్రచికిత్సలకును అందు చేరుదుము. అమెరికాలో నా మాటకు అర్థము వేఱు. అచ్చట నర్సింగ్ హోమనగా పెద్దవారు దీర్ఘకాలము, తఱచు తుదివఱకును, వసించు గృహము. ఆ దేశమున నిట్టివి సుమారు 15,000 గలవు. వానిలో పెక్కింటియందు, ఆస్పత్రినుండి వచ్చి కొన్నివారములు చికిత్స పొంది యింటికి మరలిపోవువారి కొఱకు ఒక భాగముండును. దానినే స్కిల్డ్ నర్సింగ్ అనియు, రిహాబ్ అనియు పిలుతురు. అందు నర్సుల పరిచర్యతోపాటు మూడు విధముల శిక్షణ దొరకును: లేచి నిలుచుట, నడచుట, మెట్లెక్కుట నేర్పువా రొకరు; బట్ట కట్టుకొనుట, స్నానము చేయుట, పాయిఖానాకు పోయివచ్చుట మొదలగు దినకృత్యములు నేర్పువారు మఱియొకరు; పక్షవాతము వచ్చినవారికి మాటయు, మ్రింగుటయు నేర్పువారు వేఱొకరు. ఒకే కప్పుక్రింద తుదివఱకు నుండువారును, నెలదినములకు వచ్చినవారును నుందురు గనుక, మొదటిసారి చూడబోయిన వారికి గుండె జల్లుమనుట సహజము.

ఆడబిడ్డగారి కంటతడికి సమాధానము చెప్పవలసియున్నది. తుంటి విఱిగినవారిని మంచముపై పరుండబెట్టి నోటికి ముద్దలందించుటయే సేవయని మనలో నొక తలంపు గలదు. అంతకన్న అపకారము వేఱొకటి లేదు. పెద్దవయసున పదిదినములు కదలక పడియున్నచో తొడకండలు తఱిగిపోవును. ఊపిరితిత్తులలో నెమ్ము చేరును. కాలిసిరలలో నెత్తురు గడ్డకట్టును. నడుమునకు, మడమలకు పుండ్లు పడును. శస్త్రచికిత్స జరిగిన మఱునాడే లేపి నిలువబెట్టుట నేటి వైద్యుల పద్ధతి. అట్లు లేపుటకు నేర్పెఱిగిన చేతులు కావలెను. కోడలి ప్రేమ యెంత గొప్పదైనను, నిండు మనిషిని కాలు మెలిపడకుండ మంచముమీదినుండి కుర్చీలోనికి మార్చుట ప్రేమచేత వచ్చు విద్య కాదు. ఆ విద్య తెలిసినవారియొద్ద అత్తగారిని నెలదినములుంచి నడిపించి తెచ్చుకొనువారిని నిందించుట న్యాయము కాదని ఆడబిడ్డలందఱికిని నా మనవి.

అట్లని అందఱును అచ్చటికే పోవలెనని చెప్పను. క్రింది యంతస్తున గదియు, స్నానాలగదియు నుండి, పగలంతయు ఇంట నొక మనిషి యుండగల వీలున్నచో, నర్సును, నడక నేర్పువారిని ఇంటికే పంపు పద్ధతి యచ్చట గలదు. దేహపుష్టి గలవారికి దినమునకు సుమారు 3 గంటల శిక్షణ యిచ్చు ప్రత్యేకపు ఆస్పత్రులును గలవు. "మా అత్తగారు ఆ శ్రమకు తాళుదురా?" అని ఆస్పత్రి డాక్టరునే సూటిగా నడుగవలెను. అడుగనివారికి ఆ పేరులు పట్టికలోనికి రాకపోవచ్చును.

డబ్బు సంగతి. మెడికేరు అను ప్రభుత్వపు భీమా ముఖ్యముగా 65 ఏండ్లు నిండినవారికి. మన పెద్దలలో గ్రీన్ కార్డుపై వెళ్లినవారు అచ్చట ఎడతెగక 5 ఏండ్లు నివసించినగాని దానిని కొనుటకు వీలులేదు. కుమారుడు ఎన్నియేండ్లు పన్ను కట్టినను అది తల్లి లెక్కకు రాదు. తాను గాని, తన భర్త గాని అచ్చట పనిచేసి యుండవలెను. లేనిచో ఆస్పత్రి భాగమునకు నెలనెలా రుసుము కట్టవలెను. బిడ్డలను చూచిపోవుటకు వెళ్లువారి కొఱకు కొను ప్రయాణపు భీమాలు ఇట్టి చోట్ల ఖర్చును తఱచు భరింపవు. టిక్కెట్టు కొనునాడే ఆ కాగితమును తుదివఱకు చదువుడు.

మెడికేరున్నవారికి సైతము ఒక గోతి యున్నది. ఈ చోటి ఖర్చును మెడికేరు భరించుటకు, ముందుగా రోగి ఆస్పత్రిలో వరుసగా 3 దినములు ఇన్‌పేషెంటుగా నుండవలెను. పంపివేసిన దినము లెక్కకు రాదు. ఆస్పత్రి మంచముపైననే మూడు రాత్రులు గడపినను, కాగితములలో అబ్జర్వేషన్ అని వ్రాసియున్నచో ఆ దినములును లెక్కకు రావు. కావున మొదటినాడే "ఇన్‌పేషెంటుగా చేర్చుకొంటిరా?" అని యడిగి తెలిసికొనుడు. ఇది కుదిరినచో మొదటి 20 దినములకు రోగి యేమియు నీయనక్కఱలేదు. 21వ దినమునుండి 100వ దినమువఱకు దినమున కింతయని కట్టవలెను. 2025వ సంవత్సరమున నది 209 డాలర్ల 50 సెంట్లు. నిపుణుల చేతిపని అవసరమున్నంతకాలమే ఈ సొమ్ము వచ్చును. కేవలము తినిపించుటకు, స్నానము చేయించుటకు రాదు. ప్రైవేటు కంపెనీలు నడపు మెడికేర్ అడ్వాంటేజి పథకములలో చేరినవారికి నిబంధనలు వేఱు. తఱచు కంపెనీ ముందుగా అనుమతింపవలెను, కంపెనీ పట్టికలోని చోటికే పోవలెను.

ఇక పట్టిక. ఏ చోటికి పోవలెనో నిర్ణయించు హక్కు రోగిది. ఆస్పత్రివారు పేరులీయవలెను, వాని మంచిచెడ్డలు తెలుపు లెక్కలనుగూడ చూపవలెను, కాని, ఫలానా చోటికే పొమ్మని నిర్బంధింపరాదు. ఖాళీ లేదనిన మాత్రము చేయునది లేదు గాన రెండుమూడు పేరులు గుర్తించి పెట్టుకొనుట మేలు.

మెడికేరువారి వెబ్‌సైటున కేర్ కంపేర్ అను పుటయందు ప్రతి గృహమునకును ఒకటి మొదలు అయిదువఱకు నక్షత్రములు వేసియుందురు. 2008నుండి ఈ పద్ధతి నడచుచున్నది. చూచినంతనే అయిదు నక్షత్రములదానికై పరుగెత్తకుడు. ఆ మొత్తపు నక్షత్రములు మూడు వేఱువేఱు లెక్కల కలయిక: రాష్ట్రపు తనిఖీదారులు వచ్చి చూచి వ్రాసినది యొకటి, జీతపు పట్టీలనుబట్టి తేల్చిన నర్సుల, పరిచారికల సంఖ్య రెండవది, రోగుల స్థితిగతులు మూడవది. ఈ మూడవదానిలో చాలభాగము ఆ గృహమువారు తమ్ముగూర్చి తాము వ్రాసికొన్నదే. కావున నేనైనచో మొదట తనిఖీ నివేదికను, పిదప సిబ్బంది లెక్కను చదివి, మూడవదానిని కడపట చూతును. సిబ్బంది లెక్కలో శని ఆదివారముల సంఖ్యను, ఏడాదిలో నెందఱు పని మానిపోయిరను సంఖ్యను వేఱుగా నిత్తురు. పరిచారికలు నిలువని యింట రోగికి సుఖముండదు. పేరుప్రక్కన ఎఱ్ఱని వలయములో అరచేయి గుర్తున్నచో, అచ్చట రోగులను బాధించిన నేరము తనిఖీలో బయటపడినదని యర్థము. 2019నుండి ఈ గుర్తు వేయుచున్నారు. నక్షత్రములెన్ని యున్నను అట్టిదానిని విడిచిపెట్టుడు.

మన సోదరి పట్టికలో అయిదు నక్షత్రముల గృహమొకటి 35 మైళ్ల దూరమున నున్నదట. మూడు నక్షత్రములదే యైనను సిబ్బంది లెక్కలో నాలుగు వచ్చిన గృహ మింటికి ఎనిమిది నిమిషముల దారిలో నున్నదట. ఆమె దగ్గఱదానినే యెన్నుకొన్నది. నన్నడిగినను నేనట్లే చెప్పియుందును. తెలుగు తప్ప వేఱుభాష యెఱుగని తల్లికి, ప్రతిదినము సాయంకాలము వచ్చి ప్రక్కన గూర్చుండు మనిషికన్న పెద్ద కాపుదల యే నక్షత్రమును ఈయజాలదు. దూరపుచోట ఆదివారము మాత్రమే పోగలరు. ఆదివారమునకు జరుగవలసినవి జరిగిపోవును.

అత్తగారి మడమపై చర్మము కమలుట నాలుగవనాడు చూచినది ఈ కోడలేనట. ఇది మన స్త్రీలందఱును తెలిసికొనవలసిన సంగతి. పడకపుండు మొదట ఎఱ్ఱబడును అని పుస్తకములలో నుండును. తెల్లని మేనిపై అది వెంటనే కనబడును. మన చామనచాయలపై ఎఱుపు తెలియదు. ఊదారంగుగానో, చుట్టుప్రక్కలకన్న నల్లగానో కమలి, తాకిన వెచ్చగానో గట్టిగానో తోచును. అలవాటులేని నర్సు దానిని చూచియు గ్రహింపకపోవచ్చును. దినమున కొకసారి మడమలను, పిరుదులను, నడుముక్రింది యెముకను మీరే తడిమి చూడుడు. మడమలు పఱపునకు తగులకుండ పిక్కలక్రింద దిండు పెట్టుదురా, తామై కదలలేనివారిని రెండేసి గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పుదురా యని మొదటనే యడుగుడు.

పోయి చూచుటకు ఒక్కపూట యైనను చేసికొనవలెను. చేర్చుకొను ఉద్యోగిని పగటివేళ రమ్మని చెప్పి, ముందరి హాలులోని పియానోను, చేపలతొట్టిని చూపును. మీరు సాయంకాలము భోజనపువేళ పొండు. వీలైన ఆదివారము పొండు. లోపల అడుగిడగనే ముక్కు కొంత చెప్పును. మూత్రపు కంపు నడవ పొడవునను నిలిచియున్నచో అది యొక్కరి పక్క మార్చుటలో జరిగిన ఆలస్యము కాదు. ఘాటైన సువాసనలు చల్లి కప్పిపుచ్చినను ననుమానింపుడు. చక్రాలకుర్చీలలో గూర్చుండిన పెద్దలు గోడవైపు చూచుచు వరుసగా నున్నారా? గోళ్లు కత్తిరించి యున్నవా? మంచినీళ్ల లోటా చేతికందు దూరములో నున్నదా, కిటికీ దగ్గఱ నున్నదా? అన్నము తినిపించు పరిచారిక రోగి ముఖము చూచుచున్నదా, గోడమీది టెలివిజను చూచుచున్నదా? ఇవి యే నివేదికలోను దొరకవు.

ఒక్కటిమాత్రము నిలిచి చూడుడు. మంచముప్రక్కనుండు మీట నొక్కినచో గది తలుపుపై దీపము వెలుగును. అట్టి దీపమొకటి వెలుగగనే గడియారము చూచి, ఎన్ని నిమిషములకు మనిషి వచ్చునో లెక్కపెట్టుడు. నా మతమున ఆ గృహము యోగ్యత యంతయు నందే యున్నది. ఏలయన, పెద్దవారు తఱచు పడునది పాయిఖానాకు పోవు తొందరలో. రాత్రి రెండుగంటల వేళ మీట నొక్కి, ఇరువది నిమిషములు చూచి, పక్క తడుపుట కిష్టములేక తానే లేచును. అతికిన తుంటిపై మఱల పడును. మన తల్లులలో నీ తొందర మఱింత యెక్కువ. డైపరు తడుపుమని చెప్పుట కన్న వారికి చావు మేలు. ఆ మాట అనువారు గనబడినచో, "నడువగలిగినవారిని నడిపించి తీసికొనిపోవుటకు మీయొద్ద మనుష్యులు లేరా?" అని యడిగి, జవాబు వినుడు.

రాత్రివేళ ఒక్కొక్క పరిచారికకు ఎందఱు రోగులు? దినదినము నదే మనిషి వచ్చునా? ఈ ప్రశ్నలకు "అవసరమునుబట్టి" అను జవాబు జవాబు కాదు. ఆ దినమున ప్రతి వంతునను పనిచేయు నర్సుల, పరిచారికల సంఖ్యను అందఱికిని కనబడునట్లు గోడకు అంటింపవలెనని చట్టము. రిజిస్టర్డ్ నర్సు దినమున కెనిమిది గంటలైనను, లైసెన్సు గల నర్సు అన్నివేళలను ఉండవలెను. కడపటి తనిఖీ నివేదికనుగూడ అడుగకయే చదువుకొనునట్లు బయట నుంచవలెను. అది బీరువాలో తాళము వేసి యున్నదనిన, ఆ మాటయే మీకు కావలసిన నివేదిక.

హైదరాబాదు మొదలగు నగరములందును శస్త్రచికిత్స తరువాత పెద్దలను కొన్నివారము లుంచుకొను గృహములు గలవు. మన దేశమున ప్రభుత్వము నక్షత్రములు వేసి చూపు పద్ధతి లేదు గాన కన్నులును, ప్రశ్నలునే మనకు సాధనములు. రాత్రి పిలుపు ప్రశ్న యిచ్చట నింకను ముఖ్యము. మఱియొకటి చేర్చుకొనుడు: తెల్లచీర కట్టిన ప్రతి స్త్రీయు నర్సు కాదు. జీ.ఎన్.ఎమ్. గాని, బీ.ఎస్సీ. నర్సింగు గాని చదివి రాష్ట్రపు కౌన్సిలులో పేరు నమోదైనవారు రాత్రివేళ నెందఱుందురో, తక్కినవారు ఆయాలో కాదో విడదీసి యడుగుడు.

మరల అమెరికాలోని తల్లికడకు వత్తము. నడక నేర్పు గది యెంత పెద్దదను దానికన్న, వారమున కెన్నిదినములు, దినమున కెన్ని నిమిషములు నేర్పుదురో ముఖ్యము. శుక్రవారము సాయంకాలము చేరినవారికి సోమవారమువఱకు ఏ శిక్షణయు నుండని చోట్లు గలవు. నొప్పిమాత్ర నెప్పుడిత్తురో గూడ చూడవలెను. శిక్షణకు అరగంట, గంట ముందుగా నిచ్చినచో అడుగు పడును. శిక్షణ ముగిసిన పిదప నిచ్చిన ఫలమేమి? మన పెద్దలకు నొప్పి చెప్పుకొను నలవాటు లేదు. నర్సు వచ్చి "పదింటికి నొప్పి యెంత?" అని యడిగిన, నవ్వి తలయూపుదురు, ఆమె "నొప్పి లేదు" అని వ్రాసికొని పోవును. ఇంటి భాషలో అడిగినప్పుడు కన్నీళ్లు వచ్చును. రోగికి తెలిసిన భాషలో సంగతులు చెప్పుట ఆ గృహమువారి విధి. దుబాసీని ఫోనులో పిలిపింతురా, తెలుగు దుబాసీ దొరకునా యని చేరకమునుపే యడుగుడు. పసివాడైన మనుమనిచేత వైద్యపు మాటలు చెప్పింపకుడు. నొప్పి, దాహము, పాయిఖానా, చలి, వాంతి అను మాటలను తెలుగున నొకవైపు, ఇంగ్లీషున నొకవైపు పెద్దయక్షరములతో అట్టలపై వ్రాసి మంచమునకు వ్రేలాడదీయుడు. ఇది కానిఖర్చుతో జరుగు మేలు.

భాష తెలియనిచోట మఱియొక యపాయము గలదు. పెద్దవారికి శస్త్రచికిత్స తరువాత కొన్నిదినములు మతి చెదరి, పగలు రాత్రి తెలియక, లేనివారిని పిలుచుట కద్దు. అది తఱచు తగ్గునదే. మూత్రములో సూక్ష్మజీవులు చేరుటయో, మలబద్ధమో, ఏదైన మందో కారణమై యుండును. దానిని కనిపెట్టి చక్కబఱుపవలెను. కాని, అత్తగారి మాట యర్థముకాని పరిచారిక, ఈమె యెప్పుడు నింతే కాబోలునని యూరకుండును. లేదా నిద్రమత్తు మందు కొఱకు చూచును. సిబ్బంది సౌకర్యము కొఱకు మందులతో మత్తులో నుంచుట గాని, కట్టివేయుట గాని చట్టము ఒప్పదు. "పడకముందు మా అత్తగారు లెక్కలు తానే వేసికొనెడివారు, వంట తానే చేసెడివారు" అని మొదటినాడే చెప్పి వ్రాయింపుడు. కండ్లజోడు, వినికిడి యంత్రము, కట్టుడుపండ్లు ఆస్పత్రిలో మఱచిపోక తెచ్చిపెట్టుడు. అవి లేనివారికి మతి యుండియు లేనట్లే యగును.

భోజనము. శాకాహారమని చెప్పిన సరిపోదు. సూపులో మాంసపు రసమును, వణకు జెల్లీలో జంతుసంబంధమైన జిలాటినును ఉండునని వారికి తోచదు, అడిగి తెలిసికొనవలెను. ఉడికించిన కూరముక్కలు, రొట్టె యిచ్చి యూరకుందురు. ఎముక అతుకుటకు, పుండు మానుటకు మాంసకృత్తులు కావలెను. పెరుగు, పప్పు, ముద్దపప్పు అన్నము ఇంటినుండి తెచ్చుటకును, పేరు వ్రాసి ఫ్రిజ్జులో నుంచుటకును అనుమతి కోరుడు, చాలచోట్ల నిత్తురు. చక్కెరజబ్బు గలవారికి తెచ్చిన యన్నము లెక్క నర్సునకు చెప్పవలెను. స్నానము చేయించుటకు స్త్రీయే రావలెనని కోరుట తప్పు కాదు. ఆ కోరిక కాగితముపై నుండవలెను. లేనిచో పురుషుడు వచ్చిననాడు అత్తగారు స్నానము వద్దనును, "రోగి నిరాకరించినది" అని వ్రాయబడును, వారముదినములు గడచును. చీరమాత్రము కొన్నాళ్లు మానిపింపుడు. కుచ్చెళ్లు వాకరు కాళ్లలో జిక్కుకొని పడినవారున్నారు. చీలమండపైకి నిలుచు నైటీయో, సల్వారో, జాఱని అడుగున్న బూట్లో తొడుగుట క్షేమము. బొట్టు, గాజులు నుండనిండు.

మందుల పట్టికను మీరు వ్రాసి యుంచుకొనుడు. ఇచ్చటినుండి తీసికొనిపోయిన మాత్రల వ్యాపారనామములు అచ్చటివారికి తెలియవు. డబ్బీపై చిన్నయక్షరములలో నుండు అసలు మందుపేరును వ్రాయవలెను. తుంటి శస్త్రచికిత్స తరువాత నెత్తురు గడ్డకట్టకుండ కొన్నివారములు మందిత్తురు. ఆస్పత్రినుండి గృహమునకు మాఱునప్పుడు అది తప్పిపోయినదో లేదో మొదటి రాత్రియే చూడుడు.

చేరునాడు కాగితముల కట్ట యొకటి ముందుంచుదురు. కొడుకు గాని, కోడలు గాని తమ స్వంతసొమ్ముతో చెల్లింతుమని పూచీ వ్రాసినగాని చేర్చుకొనమనుట చట్టవిరుద్ధము. తగవు వచ్చిన న్యాయస్థానమునకు పోక మధ్యవర్తితోనే తీర్చుకొందుమను ఒడంబడికకు సంతకము చేయుటయు నిర్బంధము కాదు. "ఇంటికి తీసికొనిపోయి చదివి తెచ్చెదను" అనుడు. చేరిన 48 గంటలలో ప్రాథమికమైన చికిత్సాక్రమమును వారు వ్రాసి తీరవలెను. దాని సారమును అడిగి తీసికొని, అందు గమ్యమేమని వ్రాసిరో చూడుడు. "బలము పెంచుట" అను గమ్యము గాలిమాట. "వాకరుతో ఏబది అడుగులు తానే నడచుట, మూడు మెట్లు ఎక్కుట, పాయిఖానాకు ఒకరి యండ లేక పోయివచ్చుట" అని యుండవలెను. మీ యింట నెన్ని మెట్లున్నవో మీరు చెప్పకున్న వారికెట్లు తెలియును?

రోగి యొప్పినచో ఇంటివారు ఏవేళనైనను వచ్చి చూడవచ్చును. వేళలు తప్పి పొండు. ఒకనాడు ఉదయము ఆఱింటికి, మఱొకనాడు రాత్రి పదింటికి. తగవులాడుటకు పోకుడు. పరిచారికల పేరులు తెలిసికొని, పేరుపెట్టి పిలిచి, చేసిన మేలునకు కృతజ్ఞత చెప్పుడు. వారిది కష్టమైన పని, చాలీచాలని జీతము. వారిలోను పరదేశములనుండి వచ్చినవారు పెక్కుమంది. తీరని ఫిర్యాదున్నచో ప్రతి రాష్ట్రమునందును ఆంబుడ్స్‌మను అను అధికారి గలడు. రోగుల పక్షమున వచ్చి విచారించును, రుసుము లేదు.

ఒకనాడు చేతికి నోటీసు వచ్చును: ఫలానా తేదీతో మెడికేరు సొమ్ము నిలిచిపోవునని. కనీసము 2 దినములు ముందుగా నీయవలెను. ఇంకను శిక్షణ యవసరమని మీకును, నడక నేర్పువారికిని తోచినచో, ఆ కాగితముపై నున్న నంబరునకు ఆ తేదీకి ముందుదినము మధ్యాహ్నము 12 గంటలలోపల ఫోనుచేసి అప్పీలు చేయవచ్చును. సంతకము చేసినంతమాత్రమున ఒప్పుకొన్నట్లు కాదు. అందినదని మాత్రమే దాని యర్థము. "ఇంక మెఱుగుపడుట లేదు గనుక నిలిపివేయుచున్నాము" అను మాట చాలదు. ఉన్న శక్తి క్షీణింపకుండ కాపాడుటకు నిపుణుల చేయి కావలసియున్నచో మెడికేరు ఈయవలెనని 2013లో నొక వ్యాజ్యపు పరిష్కారమున స్పష్టమైనది.

ఇంటికి తెచ్చుటకు వారముదినములు ముందుగా, మీ స్నానాలగదిని, మెట్లను, మంచపు ఎత్తును ఫోటోలు తీసి నడక నేర్పువారికి చూపుడు. పాయిఖానాపై ఎత్తైన పీట, గోడకు పట్టుకొను కమ్మి, స్నానమునకు కుర్చీ, మంచమునుండి గుమ్మమువఱకు రాత్రిదీపము, ఇవి ముందుగా నమర్పవలెను. జంపఖానాలును, గుమ్మములయొద్ద తివాచీలును తీసివేయుడు. విడిచి వచ్చుటకు ముందు ఒకపూట మీరే అచ్చట నుండి, అత్తగారిని మంచమునుండి లేపుట, కారులో నెక్కించుట వారి యెదుట చేసి చూపుడు. తప్పులు వారు దిద్దుదురు.